మూడో గడి

మా తరగతి గది నేల
సముద్రమట్టానికి ఆరు మీటర్లు దిగువన ఉంటుంది.
రాటర్‌డామ్ తూర్పు అంచు, మెట్రో ఆఖరి స్టేషన్‌కి అవతల.
కిటికీలోంచి చూస్తే కాలవ కనబడదు,
తలెత్తి చూస్తే కనబడుతుంది:
గట్టు మీద, మా తలల కంటే ఎత్తున,
ఒక పడవ తాపీగా పోతుంటుంది
ఆకాశానికి ఇస్త్రీ చేస్తున్నట్టు.

ఆ మంగళవారం పాఠం, ప్రపంచంలో నీరు.
కాగితం మీద మూడు గడులు గీసి పంచాను.
సమస్య.
పరిష్కారం.
ఎవరి కళ్ళతో?

పదిహేనేళ్ళ పిల్లలు. పెన్ను మూతలు కొరుకుతూ
మూడో గడిలో దేశాల పేర్లు నింపేశారు
బస్సుకి బోర్డు తగిలించినట్టు.
బంగ్లాదేశ్ దృష్టి: పాపం.
ఆఫ్రికా దృష్టి: బావులు కావాలి.
మన దృష్టి అన్నచోట
రీనుస్ ఒక అడ్డగీత పెట్టి ఊరుకున్నాడు.
"ఇదేంటి?" అన్నాను.
"మనకి దృష్టేముంది టీచర్,
మనం ఉన్నదున్నట్టు చూస్తాం కదా."

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.
ఇరవై రెండేళ్ళుగా ఆ గీత
నేనూ గీస్తున్నదే,
కాకపోతే స్కేలు పెట్టి.

వెనక బల్ల నుంచి ఇవాల్దినా లేచింది.
వాళ్ళమ్మమ్మది సావ్ నికొలావ్,
అట్లాంటిక్ నడుమ ఎండిపోయిన దీవి.
చుట్టూ నీళ్ళే, గొంతు తడవడానికి లేవు.
"అమ్మమ్మ ఇక్కడికొచ్చిన కొత్తలో
వాన పడితే చాలు, బాల్కనీలోకెళ్ళి నిలబడేది.
చెప్పుల్లేకుండా, మొహం పైకెత్తి, నోరు తెరిచి.
కింది వాటా ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేసింది.
వాళ్ళొచ్చి దుప్పటి కప్పి అడిగారట,
'ఈ రోజు ఏ వారమో చెప్పగలరా అమ్మా?'
'వానవారం' అందట అమ్మమ్మ."

క్లాసంతా గొల్లుమంది.
ఇవాల్దినా నవ్వలేదు.
"ఇప్పుడు చెప్పండి. దీన్ని సమస్య గడిలో రాయాలా,
పరిష్కారం గడిలోనా?"

ఫైసల్ చెయ్యెత్తాడు.
"ఇది పరీక్షలో వస్తుందా?"

ఎవరూ పలకలేదు. గోడ పక్క హీటరు మాత్రం
ఏదో గొణుక్కుంది.
అప్పుడు రీనుస్, బల్ల అంచుని గోరుతో గీరుతూ,
ఎవరితోనూ కానట్టు అన్నాడు,
"జేలాండ్‌లో మా ముత్తాత ఇంటి అటక మీద గొడ్డలి ఉంటుంది."
"దేనికి?"
"కప్పు బద్దలుకొట్టడానికి.
నీళ్ళు అటక దాకా వస్తే బయటికి దారుండదు కదా.
యాభై మూడులో ఆయన చెల్లెళ్ళు..."
ఆ మాట అక్కడే వదిలేశాడు.
"ఆయన పోయాడు. గొడ్డలి ఉంది.
ఏటా అక్టోబరులో నాన్న వెళ్ళి
దానికి నూనె రాసి వస్తాడు."

ఇవాల్దినా అతని వైపు తిరిగింది,
మూడేళ్ళలో అదే మొదటిసారి అనుకుంటా.
"మరి ఇది రాయలేదేం, మూడో గడిలో?"
"ఇది దృష్టి కాదుగా," అన్నాడు
నిజంగానే ఆశ్చర్యపోయి,
"గొడ్డలి."

గంట కొట్టారు. కుర్చీలు కీచుమన్నాయి.
సంచులు భుజాలెక్కాయి. ఎవరో అరటితొక్క వదిలేసి పోయారు.

శనివారం వంటింటి బల్ల మీద పేపర్లు దిద్దాను.
బయట ముసురు. కెటిల్ రెండుసార్లు చల్లారిపోయింది.
ఇవాల్దినా తన కాగితం ఇవ్వలేదు,
నేనూ అడగలేదు.
రీనుస్ అడ్డగీతని రబ్బరుతో చెరిపాడు,
కాగితం అక్కడ పొరలేచి పల్చబడింది.
ఆ పల్చదనం మీద రెండే మాటలు:
అటక మీంచి.

మార్కుల పట్టీ నా ముందుంది.
మూడో గడికి రెండు.
కనీసం రెండు దేశాలు పేర్కొంటేనే.
అటక ఏ దేశంలోకీ రాదు.

ఒకటిన్నర వేశాను.

ఎందుకు వేశానో రాయడానికి ఆ పట్టీలో చోటు లేదు.
ఎందుకు పూర్తిగా వెయ్యలేదో
చెప్పడానికి నా దగ్గర ధైర్యం లేదు.
ఆ మిగిలిన అర మార్కు
ఇప్పటికీ నా దగ్గరే ఉంది,
ఎర్రపెన్ను పక్కన,
ఎవరికి తిరిగివ్వాలో తెలియని చిల్లరలాగా.